అత్తయ్య లేని మొదటి క్రిస్మస్: కేకు కొలతలు, ఇంటి ప్రార్థన

ప్రశ్న: మేం అన్నదమ్ముల కుటుంబాలం వేరువేరుగా ఉంటున్నా క్రిస్మస్‌కి మాత్రం అందరం ఒకే ఇంట్లో చేరతాం. ఇన్నేళ్లూ ఆ పండగని మా అత్తయ్యే నడిపించారు. కేకు ఆవిడ చేసేవారు, కూర ఆవిడే వండేవారు, భోజనానికి ముందు ప్రార్థన కూడా ఆవిడదే. ఈ ఏడాది మొదట్లో ఆవిడ ప్రభువునందు నిద్రించారు. ఆవిడ నోటు పుస్తకం దొరికింది గానీ అందులో "మైదా రెండు గ్లాసులు, పంచదార తగినంత" అని తప్ప సరైన కొలతలు లేవు. మావారు ఈ ఏడాది పండగే వద్దంటున్నారు. నా తోడికోడలు క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి కాదు. వాళ్లమ్మ చేసే ఒక తీపి వంటకం ఈసారి తను చేసి పెడతానంది. "అమ్మ పోయిన ఏడాదే మార్పులా?" అని మా ఆడపడుచు కోపగించుకుంది. ఇక నా సంగతి. పోయిన క్రిస్మస్‌కి వంటింట్లో పడి ఆరాధనకే వెళ్లలేకపోయాను. ఈసారి మొత్తం నా మీదే పడేలా ఉంది. పిల్లలకేమో పండగంటే కొత్త బట్టలు, ఫోన్‌లో ఫొటోలు. అంతే. అత్తయ్య రుచి రాకపోతే అందరూ ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. వంట, భక్తి రెండూ కుదిరే దారి చెప్పండి. (ఒక పెద్ద కోడలు)

జవాబు:

అమ్మా, మీ అత్తయ్య గారు ఆ ఇంట్లో రెండు పనులు చేశారు. అందరికీ వండిపెట్టారు, అందరి తరఫునా ప్రార్థన చేశారు. ఇప్పుడు ఆ రెండూ కలిసి మీ ఒక్కరి మీదికి వస్తున్నాయి. పెద్ద కోడలు కాబట్టి అదంతా మీ బాధ్యతే అని మీరూ అనుకుంటున్నట్టున్నారు. అలా అనుకోకండి. ఆవిడ చోటులోకి ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవాలన్న నియమం లేదు. ఆవిడ చేసిన పనిని ఇంట్లో ఉన్న చేతులన్నిటికీ పంచండి. వంట పంచేటప్పుడే ప్రార్థన కూడా పంచండి. నా సలహా మొత్తం దీని చుట్టూనే ఉంటుంది.

ముందు మీవారి సంగతి. తల్లి పోయిన ఏడాది పండగ వద్దనిపించడం విశ్వాసం తగ్గి కాదు. కానీ ఆయన సరిగ్గా ఏది వద్దంటున్నారో నెమ్మదిగా అడగండి. దీపాలు, కొత్త బట్టలు, ఇంటినిండా సందడి వద్దంటున్నారా, లేక యేసు పుట్టుకని తలుచుకోవడమే వద్దంటున్నారా? చాలావరకు మొదటిదే అయ్యుంటుంది. అలాగైతే సందడి తగ్గించండి, పండగ మానకండి. మత్తయి సువార్త రెండో అధ్యాయం ఆయనతో కలిసి చదవండి. జ్ఞానులు కానుకలిచ్చి వెళ్లిపోయాక, అదే అధ్యాయంలో, హేరోదు రాజు చంపించడం వల్ల బేత్లెహేములో పసిపిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లు కనిపిస్తాయి. రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పు పొందలేదన్న యిర్మీయా మాటని మత్తయి అక్కడే గుర్తుచేస్తాడు. పిల్లల చేత వేయించే క్రిస్మస్ నాటకాల్లో మనం ఆ భాగం వదిలేస్తాం. అందుకే దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ పండగ నప్పదని మనకి అనిపిస్తుంది. సువార్త రాసినవాడు మాత్రం ఆ ఏడుపుని కథలోంచి తీసేయలేదు. ఆయన్ని సంతోషంగా ఉండమని అడక్కండి. ఆ రోజు వాక్యం చదివే పని ఆయనకి ఇవ్వండి. చదువుతూ గొంతు పూడుకుపోతే పక్కనున్నవాళ్లు అందుకుంటారు.

ఇంకో సందేహం కూడా మీ ఇంట్లో రావచ్చు. చనిపోయినవాళ్లని పండగ బల్ల దగ్గర తలుచుకోవచ్చా అని కొందరు పెద్దలు వెనకాడతారు. ఆవిడని ఆ ఇంటికి ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పడంలో వెనకాడాల్సింది ఏమీ లేదు. పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం మొదటి అధ్యాయంలోనే అతని విశ్వాసం గురించి చెబుతూ, ఆ విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉండేదని పేర్లు పెట్టి మరీ గుర్తుచేస్తాడు. అవ్వ దగ్గర్నుంచి మనవడికి విశ్వాసం ఎలా చేరిందో అపొస్తలుడే అలా తలుచుకుంటే, మీ పిల్లల ముందు వాళ్ల నానమ్మ పేరెత్తడానికి సంకోచం దేనికి?

ఇక కేకు. మీ భయమంతా దీని మీదే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

"తగినంత" అని రాసిన పుస్తకం చూసి దిగులుపడకండి. ఆవిడ అది తన కోసం రాసుకున్నారు. మిగతా కొలతలు ఆవిడ వాడిన సామానులో, ఆవిడ పక్కన నిలబడ్డవాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. మొదట అడగాల్సింది మీ ఆడపడుచునే. ఆ అమ్మాయి ఆ వంటింట్లోనే పెరిగింది. పిండి ఎంత జారుగా ఉండేదో, గుడ్లు ఎప్పుడు కొట్టేవారో, పొయ్యి మీదో ఓవెన్‌లోనో, ఎంతసేపో మీకంటే తనకే ఎక్కువ తెలిసుంటుంది. మారిపోతోందని బాధపడే మనిషికి పాతదాన్ని కాపాడే పని అప్పగించడం మంచిది. కేకు రుచి చూసి చెప్పాల్సింది నువ్వే అని తనకి చెప్పండి. అత్తయ్యతో కలిసి సంఘంలో వంటలు చేసిన పెద్దావిడలు ఎవరైనా ఉంటే వాళ్లనీ అడగండి. ఎలా చేసేవారు అని అడిగితే "ఏముందమ్మా, మామూలుగానే" అంటారు. అలా కాకుండా, మొదట గిన్నెలో ఏం వేసేవారు, చేత్తో కలిపేవారా గరిటెతోనా, ఇల్లంతా వాసన ఎప్పుడు వచ్చేది, ఇలా ఒక్కొక్కటీ అడగాలి.

తర్వాత ఆ గ్లాసు. ఆవిడ కొలిచిన గ్లాసు ఏదో కనుక్కోండి. కిచెన్ స్కేలు మీద ఖాళీ గ్లాసు పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. నీళ్లు 220 గ్రాములు తూగితే అది 220 మిల్లీలీటర్ల గ్లాసు. అదే గ్లాసుతో మైదా కొలిచి తూయండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. 240 మిల్లీలీటర్ల కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాముల దాకా వస్తుంది, అదిమి నింపితే 150 గ్రాములు కూడా పట్టొచ్చు. ఆవిడ గ్లాసు తట్టి నింపేవారా, ఒంపి పోసేవారా అన్నది ఆడపడుచు చెప్పగలదు. కేకు గిన్నె కూడా ఒక సాక్ష్యమే. మామూలుగా పిండి గిన్నెలో మూడింట రెండు వంతుల దాకా పోస్తారు. అంతమేర నీళ్లు పోసి కొలిస్తే ఆవిడ ఎంత పిండి కలిపేవారో అంచనా దొరుకుతుంది.

మైదా బరువు తెలిశాక "తగినంత" పంచదారని పట్టుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. మైదా, పంచదార, వెన్న, గుడ్లు నాలుగూ సమాన బరువులో తీసుకోవడం. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు. అంటే 200 గ్రాముల మైదాకి 200 గ్రాముల పంచదార, 200 గ్రాముల వెన్న, నాలుగు గుడ్లు. బేకింగ్ పౌడరు అర టీస్పూను. ఎండుద్రాక్ష, ఖర్జూరం, జీడిపప్పు లాంటివన్నీ కలిపి 250 నుంచి 300 గ్రాములు వేయొచ్చు. ఎండు పండ్లే తీపి తెస్తాయి కాబట్టి పంచదార కొంచెం తగ్గించినా ఇబ్బంది లేదు. ఇది మీ అత్తయ్య కేకు అని నేను చెప్పను. ఇక్కడ మొదలుపెట్టి ఆవిడ కేకు వైపు నడవండి.

పండ్లు ముందు రోజు రాత్రే నారింజ రసంలో గానీ ద్రాక్షరసంలో గానీ నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వాడేముందు వడకట్టి, ఒక చెంచా మైదాలో దొర్లిస్తే అడుగుకి దిగిపోకుండా ఉంటాయి. వెన్న, గుడ్లు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి గది వేడికి రానివ్వాలి. చల్లటి గుడ్లు వేస్తే వెన్న విరిగినట్టవుతుంది. ముదురు గోధుమ రంగు కేకు అయితే ఆవిడ పంచదార మాడ్చి పాకం కలిపి ఉంటారు. పంచదారని నల్లబడే ముందు దాకా కరిగించి వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయడమే. బాగా చిమ్ముతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. పాకం చల్లారాకే పిండిలో కలపాలి. 20 సెంటీమీటర్ల గిన్నెలో ఈ కొలతకి 160 డిగ్రీల దగ్గర గంటన్నర దాకా పట్టొచ్చు. గంటా పావు నుంచి పుల్ల గుచ్చి చూస్తూ ఉండండి. పైన ముందే ఎర్రబడితే బేకింగ్ కాగితం కప్పండి.

పండగకి ముందే ఒకసారి, వీలైతే రెండుసార్లు సగం కొలతతో చేసి చూడండి. గిన్నె చిన్నది వాడాలి, ఉడికే సమయమూ తగ్గుతుంది. ఒక్కో ప్రయత్నంలో ఒక్కటే మార్చండి. పంచదారా తగ్గించి, మసాలా పెంచి, ఓవెన్ వేడీ మార్చేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఇంత చేసినా ఆ రుచి రాకపోవచ్చు. మీ ఓవెన్ వేరు, వెన్న వేరు. చిన్నప్పటి నుంచీ ఆ కేకు తిన్నవాళ్ల నాలుక మీద ఉన్నది కేకు రుచి ఒక్కటే కాదు, ఆవిడ వడ్డించిన తీరు కూడా. కాబట్టి బల్ల మీద పెట్టేటప్పుడు "ఇదిగో అత్తయ్య కేకు" అనకండి. "అత్తయ్య పద్ధతిలో మేమంతా కలిసి చేసింది" అనండి. అప్పుడు పోలికలు పెట్టడం మాని, "అమ్మ ఇంకాస్త జాజికాయ వేసేది" లాంటి జ్ఞాపకాలు చెప్పడం మొదలుపెడతారు. అవన్నీ రాసుకోండి. వచ్చే ఏడాది కేకుకి అవి పనికొస్తాయి.

రాసుకోవడం గురించి ఇంకొక మాట. కుదిరిన కొలతల్ని గ్రాముల్లో ఒక కొత్త పుస్తకంలో ఎక్కించండి. అత్తయ్య చేతిరాత ఉన్న పేజీలు ఫొటోలు తీసి అన్ని ఇళ్లకీ పంపండి, అసలు పుస్తకం వంటింటి తడికి దూరంగా పెట్టండి. అదే కొత్త పుస్తకంలో, కేకు పక్క పేజీలో, ఆవిడ ప్రార్థన కూడా రాయండి. ఏటా భోజనం ముందు ఆవిడ ఏమని ప్రార్థించేవారు? కుటుంబంలో ఒక్కొక్కరినీ అడిగితే ఒక్కో వాక్యం చెబుతారు. ఎవరి పేర్లు ఎత్తేవారు, ఏ కీర్తన వాక్యం మాటిమాటికీ వచ్చేది, ఎలా ముగించేవారు. వంటకం పోతుందని మనకి కంగారు పుడుతుంది గానీ, ఇంటి ప్రార్థన పోతుందని ఎవరికీ తట్టదు. ఆవిడ ఆ రెండూ కలిపే చేశారు కాబట్టి రెండూ ఒకే పుస్తకంలో ఉండాలని నా కోరిక.

ఇప్పుడు తోడికోడలి తీపి వంటకం. చేయనివ్వండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

క్రిస్మస్ బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం వంటలు ఉన్నాయని అనుకోవడం సరికాదు. కేకులో వేసే దాల్చినచెక్క శ్రీలంక మొక్క. జాజికాయ, లవంగం ఇండోనేషియా దీవుల్లో పుట్టినవి. అవేవీ యేసు పుట్టిన దేశంలో పండేవి కావు, క్రిస్మస్ కేకులకి పేరుపడ్డ ఐరోపాలోనూ పండేవి కావు. జర్మనీలో డ్రెస్డెన్ ఊరి ష్టోలెన్ అనే క్రిస్మస్ రొట్టెనే తీసుకోండి. పైన తెల్లగా పంచదార పొడి చల్లిన ఆ రొట్టె పొత్తిగుడ్డల్లో చుట్టిన బాలయేసుని గుర్తుచేస్తుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఒకప్పుడు క్రిస్మస్ ముందు వారాలు ఉపవాస కాలం కాబట్టి అందులో వెన్న వేయడానికి వీల్లేదు, నూనెతోనే చేసేవారు. 1491లో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ అనుమతిస్తూ ఉత్తరం పంపాకే అక్కడ వెన్న చేరింది. ఇవాళ వెన్న లేని ష్టోలెన్ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ పుడ్డింగు పూర్వం మాంసం, ధాన్యం, ఎండు పండ్లు కలిపి ఉడికించిన జావ లాంటిది. అలా మారుతూ వచ్చినవే మనం పాతవి అనుకుంటున్నాం. ఈ సంగతులు ఆడపడుచుతో వాదించి గెలవడానికి వాడకండి. తనకి బాధగా ఉంది, అది వాదనతో తగ్గేది కాదు. అమ్మ వంటకం ఒక్కటీ తీసేయడం లేదు, పక్కన ఒకటి చేరుతోంది అని మాత్రం చెప్పండి.

తోడికోడలి విషయంలో మీరొక జాగ్రత్త తీసుకోవాలి. ఆ అమ్మాయి వంటకం తెస్తోంది అంటే ఈ ఇంటి పండగలో తనకీ చోటు కావాలని అడుగుతోంది. దాన్ని తన విశ్వాసానికి పరీక్షగా మార్చకండి. వాక్యం చదవమని బలవంతం వద్దు, "ఇంకా ఎన్నాళ్లు ఇలా" అన్న మాటలు అసలే వద్దు. వడ్డించేటప్పుడు వాళ్లమ్మ ఆ వంటకం ఎప్పుడు చేసేవారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పమనండి. వీలైతే ఆ అమ్మాయి తల్లిదండ్రుల్ని కూడా భోజనానికి పిలవండి.

పోలండ్‌లో క్రిస్మస్ ముందు రాత్రి ఆకాశంలో మొదటి చుక్క కనిపించాక భోజనానికి కూర్చుంటారు. అనుకోకుండా వచ్చే అతిథి కోసం బల్ల దగ్గర ఒక కుర్చీ, ఒక పళ్లెం అదనంగా ఉంచుతారు. తినే ముందు పల్చటి రొట్టె ముక్క విరిచి ఒకరికొకరు పెట్టుకుంటూ, క్షమించమని అడిగి శుభం కోరుకుంటారు. ఈ ఆచారం మొత్తం మీరు పాటించమనను గానీ, ఆ కుర్చీ గురించి ఆలోచించండి. మీ అత్తయ్య కూర్చునే చోటు ఈ ఏడాది అందరి కళ్లకీ కనిపిస్తుంది. దాన్ని ఖాళీగా పెట్టి చూస్తూ భోజనం చేయడం కష్టం. సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దావిడనో, ఇంటికి వెళ్లే వీలు లేక హాస్టల్లో ఉండిపోయిన విద్యార్థినో పిలిచి ఆ చోట కూర్చోబెట్టండి. ఎవర్ని పిలవాలో మీవారినే నిర్ణయించమనండి.

వంటింట్లో పడి ఆరాధన పోగొట్టుకున్న మాట మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరమంతటిలో అదే ఎక్కువ బాధ కలిగించింది. యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త పనుల్లో మునిగి ఉంటే సోదరి మరియ ఆయన మాటలు వింటూ కూర్చున్న కథ చెప్పి ఆడవాళ్లని మందలించేవాళ్లు ఎక్కువ. లూకా పదో అధ్యాయంలో యేసు మార్తతో అన్నది నిజమే, అనేక పనుల గురించి తొందరపడుతున్నావని. కానీ యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో, వాళ్ల సోదరుడు లాజరు బ్రతికి లేచాక చేసిన విందులో, మార్త మళ్లీ వడ్డిస్తూనే కనిపిస్తుంది. అక్కడ ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. కాబట్టి వడ్డించడం తప్పు కాదు. ఒక్క మనిషి మీదే అంతా పడేసి మిగతావాళ్లు కూర్చోవడమే తప్పు. మొదటిసారి మార్త అడిగింది కూడా అదే కదా, నేను ఒక్కదాన్నే చేస్తున్నాను అని.

అందుకే ఈ ఏడాది ఒక నియమం పెట్టుకోండి, అందరి ముందూ చెప్పండి: ఆరాధన జరిగే వేళ మీ ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరూ వంట కోసం ఆగిపోరు. దానికి తగ్గట్టు వంటలు తగ్గించాలి. ఒక మాంసం కూర, ఒక కూరగాయల వంటకం, అన్నమో రొట్టెలో, కేకు, తోడికోడలి తీపి. చాలు. మాంసం కూర ముందు రోజే వండొచ్చు, మర్నాటికి రుచి పెరుగుతుంది కూడా. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెల్లోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. తినేముందు పొగలు కక్కేలా మరిగించాలి. కేకు నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి. బాగా చుట్టి గాలి తగలని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే చక్కగా ఉంటుంది. అన్నం వండటం, కూర వేడిచేయడం, బల్ల సర్దడం, గిన్నెలు కడగడం ఇంట్లో మగవాళ్ల పేరు రాయండి. మీ మరిదితోనే మొదలుపెట్టండి.

భక్తి, వంట ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉండాలంటే రెంటికీ ఒకే వేళ పెట్టడం మేలు. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ తీసుకోండి. మీ సంఘంలో ఆగమన కాలం పాటించినా, పాటించకపోయినా ఇంట్లో చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లూకా మొదటి అధ్యాయం నాలుగు భాగాలుగా చక్కగా విడిపోతుంది. మొదటి వారం బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా కథ చదివి, ఆ రోజే అత్తయ్య గ్లాసు, గిన్నె తూచి కొలతలు రాయండి. రెండో వారం గబ్రియేలు దూత యేసు తల్లి మరియ దగ్గరికి రావడం, సగం కొలతతో మొదటి కేకు. మూడో వారం చదివేది నాకు ప్రత్యేకంగా ఇష్టం. మరియ కొండసీమలో ఉన్న ఎలీసబెతు ఇంటికి వెళ్లి దాదాపు మూడు నెలలు ఉంటుంది. ఒకరు పెద్దావిడ, ఒకరు చిన్నది, ఇద్దరూ గర్భవతులు. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో ఏం వండుకున్నారో, ఎవరు ఎవరికి ఏం నేర్పారో లూకా రాయలేదు. మరియ పాడిన స్తుతి మాత్రం రాశాడు. ఆకలిగొన్నవాళ్లని దేవుడు మంచివాటితో తృప్తిపరిచాడన్న మాట ఆ పాటలోదే. ఆ వారం మీరూ మీ తోడికోడలూ కలిసి వాళ్లమ్మ వంటకం ఒకసారి చేసి చూడండి. ఆ రోజు తను చెబుతుంటే మీరు చేయాలి. నాలుగో వారం యోహాను పుట్టడం, జెకర్యాకి మాట తిరిగి రావడం. అసలు కేకు ఆ రోజు. లూకా రెండో అధ్యాయం క్రిస్మస్‌కి ఉంచండి.

ప్రతిసారీ పది నిమిషాలు చాలు. కేకు ఓవెన్‌లో పెట్టాక ఎలాగూ అందరూ వాసన చూస్తూ అక్కడక్కడే తిరుగుతుంటారు. అప్పుడు చదవండి.

పిల్లలు ఫోన్లు వదలరని కోప్పడకండి. ఆ ఫోన్‌తోనే పని చెప్పండి. మేనత్త చేతులు పిండి కలుపుతుంటే వీడియో తీయమనండి, నానమ్మ గురించి నాన్నని, బాబాయిని అడిగి రికార్డు చేయమనండి. ఎదురుచూడటం పిల్లలకి ఎప్పుడూ కష్టమే. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు తన ఆశ్రమంలోని పేద పిల్లల కోసం ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి, రోజుకొకటి వెలిగించేవాడు. మామూలు రోజులకి చిన్నవి, ఆదివారాలకి పెద్దవి. ఇవాళ చర్చిల్లో వెలిగించే నాలుగు కొవ్వొత్తుల పద్ధతి అక్కణ్నుంచి వచ్చిందే. మీ పిల్లలకీ అలా వారానికొక పని చేతిలో పెట్టండి. పండ్లు తరగడం, తూకం చూడటం, గిన్నెకి కాగితం పరవడం. చేతులు పనిలో ఉన్నప్పుడు పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. నిర్గమకాండము పన్నెండో అధ్యాయంలో పస్కా భోజనం గురించి చెబుతూ, "దీని భావం ఏమిటి" అని మీ పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి అని మోషే పెద్దలకి చెబుతాడు. పొంగని రొట్టె, చేదు కూర పిల్లల ముందు ఉండటం వల్లే ఆ ప్రశ్న పుడుతుంది. మీ పిల్లలు కూడా నానమ్మ ఎందుకు ఇంత కష్టపడి చేసేది అని అడుగుతారు. దానికి జవాబు మీరొక్కరే కాదు, మీవారూ చెప్పాలి.

ఒకటి తప్పకుండా చేయండి. కేకు కోయగానే ఇంట్లోవాళ్లకి పెట్టేముందు ఒక డబ్బా కట్టి పక్కన పెట్టండి. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం విని జనం ఏడుస్తుంటే, ఇది ప్రభువుకి పరిశుద్ధమైన రోజు, ఏడవకండి, మంచి భోజనం చేయండి, ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్లకి భాగాలు పంపండి అని చెబుతారు. ఏడుస్తున్నవాళ్లకే ఆ మాట చెప్పారు, గమనించండి. ఆ డబ్బా ఎవరికి వెళ్లాలో పిల్లలు ఎంచుకోవాలి, వాళ్లే వెళ్లి ఇచ్చి రావాలి. మీ అత్తయ్య ఏటా ఎవరికైనా రహస్యంగా పంపేవారేమో కూడా కనుక్కోండి. అలాంటి పెద్దావిడలకి ఇలాంటి ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఆ ఇంటివాళ్లు ఈ ఏడాది ఎదురుచూడరు, అందుకే ముందు అక్కడికే పంపాలి.

భోజనం ముందు ప్రార్థన ఎవరు చేయాలన్నది ఆ రోజు బల్ల దగ్గర నిలబడి నిర్ణయించకండి, అప్పుడు అందరి చూపూ మీ మీదే పడుతుంది. ముందే పంచండి. మీవారు వాక్యం చదువుతారు, పిల్లల్లో ఒకరు పుస్తకంలో రాసిన నానమ్మ ప్రార్థన చదువుతారు, ఆడపడుచు తన సొంత మాటల్లో రెండు ముక్కలు చెప్పి ముగిస్తుంది. మీరు ఆమేన్ అంటే చాలు. మీవారు మధ్యలో లేచి గదిలోకి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వెనకాలే ఎవరూ పరుగెత్తొద్దు. కేకు సరిగ్గా పొంగకపోతే ముక్కలుగా కోసి పాలల్లో నానబెట్టి గిన్నెల్లో పెట్టండి, బాగుంటుంది.

ఈ వారమే ఆడపడుచుకి ఫోన్ చేయండి. తీపి వంటకం గొడవ ఎత్తకండి. అమ్మ ఏ గ్లాసుతో కొలిచేది, కేకులో ఏయే మసాలాలు పడేవి, ఈ రెండే అడగండి. మాట కుదిరితే మొదటి ఆదివారం తనని ఇంటికి రమ్మనండి.